కాయిలోవర్లు తర్వాత, ముందు అలైన్‌మెంట్

ప్రశ్న: నాది 2019 స్విఫ్ట్ పెట్రోల్. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద రెండు ట్రాక్ డేలు చేశాను. ముందు టైర్లు రెండూ బయటి అంచున నున్నగా అరిగిపోయాయి, లోపలివైపు మాత్రం కొత్తవాటిలాగే ఉన్నాయి. మలుపులో స్టీరింగ్ ఎంత తిప్పినా బండి నేరుగా ముందుకే పోతోంది. ఫ్రెండ్స్ అందరూ కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు-షాక్ సెట్లు) వేయించమంటున్నారు. అంత డబ్బు పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఇప్పుడే పెట్టకండి. మీరు అడిగినదానికి జవాబు ఆ అరిగిన అంచులోనే ఉంది, దానికి కావాల్సింది ముందు ఒక జత క్యాంబర్ బోల్టులు, ఓపికగా చేసే అలైన్‌మెంట్.

స్విఫ్ట్ ముందు సస్పెన్షన్ మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగు, షాక్ కలిసి ఒకే నిలువు స్తంభంలా ఉండే రకం. మలుపులో బాడీ బయటికి ఒరిగినప్పుడు బయటి చక్రం పైభాగం కూడా దాంతోపాటే బయటికి వాలుతుంది, ఆ వాలుని సరిచేసే గుణం ఈ డిజైన్‌లో తక్కువ కాబట్టి, అరచెయ్యంత మేర నేలకి ఆనాల్సిన టైరు తన భుజం మీద, అంటే బయటి అంచు మీద, నిలబడి ఈడ్చుకుంటూ పోతుంది. అంచు అరగడమూ, బండి తిరగకపోవడమూ రెండూ ఒకే జబ్బు. అందుకే చక్రం పైభాగాన్ని ముందుగానే లోపలికి వాల్చి పెడతాం, అదే నెగటివ్ క్యాంబర్. ఫ్యాక్టరీ నుంచి మీ బండికి అది సున్నాకి దగ్గర్లో ఉంటుంది. రోజూ ఆఫీసుకీ ఇదే కారు కాబట్టి 1.5 డిగ్రీల దగ్గర మొదలుపెట్టండి.

మీ బండిలో స్ట్రట్‌ని నకిల్‌కి (చక్రాన్ని మోసే ఇనుప ముక్కకి) రెండు బోల్టులు పట్టుకుని ఉంటాయి. వాటిలో ఒకదాని స్థానంలో క్యామ్ (ఒకవైపు ఉబ్బు) ఉన్న సన్నటి బోల్టు వేసి తిప్పితే ఒక డిగ్రీ పైచిలుకు దొరుకుతుంది. సన్నటి బోల్టు కనుక టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో), దాని తయారీదారు చెప్పిన లెక్కకే బిగించాలి. బిగించాక బోల్టు తల మీద నుంచి నకిల్ మీదకి పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయండి. కెర్బ్ (ట్రాక్ అంచున ఉండే గట్టు) మీద ఎక్కి దిగాక ఆ గీత విరిగి కనిపిస్తే బోల్టు జరిగిందన్నమాట, మళ్లీ అలైన్‌మెంట్ చూపించేదాకా ట్రాక్ మీదకి వెళ్లొద్దు.

అలైన్‌మెంట్ షాపులో మీకు వినిపించే మాట నాకు తెలుసు: "దీనికి క్యాంబర్ ఉండదు సార్, టో ఒక్కటే." టో అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు ఎటు తిరిగి ఉన్నాయనే లెక్క, లోపలికైతే టో-ఇన్, బయటికైతే టో-అవుట్. మెషీన్ స్క్రీన్ మీద ఎర్ర గీత కనపడగానే కుర్రాడికి టెన్షన్ పుడుతుంది, అది కంపెనీ లెక్క దాటిందని చెప్పే రంగు మాత్రమే, మీరు కావాలనే దాటిస్తున్నారని ముందే చెప్పండి. పొద్దున్నే జనం లేనప్పుడు వెళ్లండి. ట్యాంకు సగం ఉంచి, డ్రైవరు సీటులో మీ బరువుకి తగ్గ బియ్యం బస్తాలు పెట్టండి, 75 కిలోల మనిషికి మూడు 25 కిలోల బస్తాలు సరిపోతాయి. తేడా చిన్నదే అయినా స్క్రీన్ మీద కనపడుతుంది, మీరు కూర్చోకుండా బండి ఎప్పుడూ నడవదు కదా. ఎడమా కుడీ క్యాంబర్ సమానంగా తెచ్చాకే టో పట్టుకోవాలి, ఎందుకంటే క్యాంబర్ కదిపితే టో కూడా కదిలిపోతుంది. మొదట్లో నేను ఈ ఒక్క పని మర్చిపోయి హైదరాబాద్ నుంచి చెన్నై వెళ్లి వచ్చాను. ఇంటికొచ్చి టైరు మీద చెయ్యి అడ్డంగా పెట్టి తడిమితే ఒకవైపుకి నున్నగా జారింది, చెయ్యి వెనక్కి లాగితే రంపం పళ్లలా గీసుకుంది. టైరుని క్యాంబర్ కన్నా త్వరగా తినేసేది టోనే. ముందు చక్రాల టో సున్నాకి పెట్టించండి. కొంచెం టో-అవుట్ ఇస్తే మలుపులోకి చురుగ్గా దూరుతుంది కానీ హైవే మీద స్టీరింగ్ స్థిమితంగా ఉండదు, అంత దూరం నడుపుకుంటూ వెళ్లేవాళ్లకి నేనైతే చెప్పను. వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే దూలం) కాబట్టి అక్కడ తిప్పడానికేమీ లేదు, కొలిచి కాగితం దాచుకోండి.

ఇక ట్రాక్ దగ్గర జేబులో ఒక సుద్దముక్క ఉంచుకోండి. టైరు ట్రెడ్ (నేలకి ఆనే భాగం) అంచు నుంచి సైడ్‌వాల్ (పక్క గోడ) మీదకి మూడు నాలుగు చోట్ల అడ్డంగా గీతలు గీసి, నాలుగు ల్యాపులు తిరిగి వచ్చి చూడండి. భుజం దగ్గర చిన్న త్రికోణం గుర్తు చాలా టైర్లకి ఉంటుంది, సుద్ద ఆ గుర్తు దాకా చెరిగితే బాగున్నట్టు, దాన్ని దాటి సైడ్‌వాల్ మీద కూడా చెరిగిపోతే గాలి తక్కువ లేదా క్యాంబర్ చాల్లేదు, ట్రెడ్ అంచునే సుద్ద మిగిలిపోతే గాలి ఎక్కువ. గాలి సంగతి చాలామంది పట్టించుకోరు. టైరు లోపలి గాలి ఐదారు డిగ్రీలు వేడెక్కితే దాదాపు 1 పీఎస్‌ఐ పెరుగుతుంది, పొద్దున 32 పెట్టి దిగితే కొద్ది ల్యాపుల్లోనే 38 దాటొచ్చు. అందుకే పిట్‌లోకి రాగానే వేడి మీదే కొలవాలి. వేడి మీద 36 దగ్గర మొదలుపెట్టి, సుద్ద చూపించిన ప్రకారం ఒక్కో పీఎస్‌ఐ మార్చుకుంటూ పోండి, ఒకసారికి ఒక్కటే మార్చండి, నోట్‌బుక్‌లో రాయండి. ఇంటికి బయల్దేరే ముందు, టైర్లు చల్లారాక, డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న ప్రెషర్‌కి తిరిగి గాలి పట్టించడం మాత్రం దయచేసి మర్చిపోకండి. తక్కువ గాలితో అరవై, డెబ్బై కాదు, ఆరు వందల పైచిలుకు కిలోమీటర్ల హైవే ప్రమాదం.

ఇదంతా చేసి మూడు ట్రాక్ డేలు గడిచాక కూడా ఒరుగుడు అడ్డొస్తుంటే కాయిలోవర్ల గురించి మళ్లీ రాయండి.

ప్రశ్న: ముందూ వెనకా లోయరింగ్ స్ప్రింగులు వేయించి బండిని దాదాపు 40 మి.మీ. దించాను. షాక్‌లు పాతవే. చూడ్డానికి బాగుంది, కానీ మలుపు మధ్యలో ముందు భాగం హఠాత్తుగా జారిపోతోంది.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: 40 చాలా ఎక్కువ. బండి దిగితే బరువు కేంద్రం దిగుతుంది, అది మంచిదే. కానీ స్ట్రట్ బండ్లలో లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టుకునే కడ్డీ) బయటి కొస పైకి లేవడంతో రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) అంతకన్నా ఎక్కువ కిందికి పోతుంది, రెండింటి మధ్య దూరం పెరిగి, ఒరిగించే బలం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. పైగా షాక్ లోపల ప్రయాణం అయిపోయి బంప్ స్టాప్ (షాక్ చివర ఉండే రబ్బరు దిమ్మ) మీద కూర్చుంటోంది, ఆ క్షణంలో స్ప్రింగు ఒక్కసారిగా రాయిలా గట్టిపడి టైరు పట్టు వదిలేస్తుంది. మీరు చెప్పే హఠాత్తు జారుడు చాలావరకు ఇదే. డస్ట్ బూట్ (దుమ్ము పడకుండా కప్పే రబ్బరు తొడుగు) పైకి జరిపి షాఫ్ట్‌కి ఒక జిప్ టై కట్టి, షాక్ బాడీ దాకా కిందికి దించి, నడిపి వచ్చి చూడండి. అది బంప్ స్టాప్‌ని తాకే దాకా పైకి వెళ్లిపోయి ఉంటే అనుమానం అక్కర్లేదు. పాత స్ప్రింగులు తిరిగి వేయండి, లేదంటే 15–20 మి.మీ. దించేవి, వాటికి సరిపడే పొట్టి షాక్‌లతో కలిపి తీసుకోండి. ఎత్తు మారిన ప్రతిసారీ అలైన్‌మెంట్ తప్పదు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. పాత ఎన్‌బీ మియాటా (మాజ్డా వారి రెండు సీట్ల కారు, రెండో తరం) కొన్నాను, ట్రాక్ డేలకి ఏ సెట్టింగ్ పెట్టమంటారు?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: మీది అదృష్టమండీ, నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్ (పైనా కిందా రెండు ఆర్మ్‌లు పట్టుకునే సస్పెన్షన్), క్యాంబర్, టో రెండూ ముందూ వెనకా మారతాయి, ముందు క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) కూడా. ముందు 2 డిగ్రీల నెగటివ్ క్యాంబర్ దగ్గర మొదలుపెట్టి, వెనక దానికంటే కాస్త తక్కువ ఉంచండి, ముందు టో సున్నా. వెనక మాత్రం మొత్తం మీద ఒకటి రెండు మి.మీ. టో-ఇన్ తప్పనిసరిగా ఉంచండి, వెనక చక్రాలు తోసే బండికి అది లేకపోతే బ్రేకు మీద తోక ఊగుతుంది. ఇరవై ఏళ్లు దాటిన బండి కదా, అలైన్‌మెంట్ బోల్టులు బుషింగ్‌లలో తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉండొచ్చు, ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి, ఒక్కొక్కటీ కదులుతోందో లేదో ఇంట్లోనే చూసుకుని షాపుకి వెళ్లండి.