గాలి పలచనైతే డిస్క్ ఎటు పోతుంది?

ప్రశ్న: వచ్చే నెల అమెరికాలోని అల్బుకర్కీలో ఉన్న అన్నయ్య దగ్గరికి వెళ్తున్నాను. అక్కడి ఎడారి కోర్సులో డిస్క్ గోల్ఫ్ (పళ్లెం లాంటి డిస్కును విసిరి బుట్టలో వేసే ఆట) ఆడటానికి నా డిస్కులు పనికొస్తాయా? – ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: పనికొస్తాయి, కానీ వాటి తీరు మారుతుంది. మన హైదరాబాద్ ఎత్తు సుమారు 540 మీటర్లు, అక్కడ దాదాపు 1,600. గాలి పలచన. డిస్కును పైకి లేపే బలం తగ్గుతుంది కాబట్టి, కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి విసరడం) వేస్తే ఇక్కడికన్నా ముందే ఎడమకు వాలిపోతుంది. అందుకే అండర్‌స్టేబుల్ డిస్కులు (అలా విసిరినప్పుడు కుడికి తిరిగే గుణం ఉన్నవి) ఒకటి రెండు ఎక్కువ పెట్టుకోండి. గట్టి నేలకు అంచు తగిలిందా, జర్రున జారిపోతుంది. బుట్ట వెనక వాలు ఉంటే నేనైతే నిదానంగా పటర్ (దగ్గర నుంచి బుట్టలోకి వేసే డిస్క్) వేస్తాను. పొదలో పడితే మాత్రం చెయ్యి పెట్టకండి, రాటిల్‌స్నేక్‌లు (విషపాములు) ఉంటాయి. ముందు దూరం నుంచి కర్రతో కదిపి చూడండి. నీళ్లు దండిగా తీసుకెళ్లండి, ఆ పొడి గాలికి చెమట పట్టినట్టే తెలియదు.