మందులపెట్టె: ఏడు గ్రాముల వెన్న లెక్క

ప్రశ్న: నేనున్న చోట పెద్దవాళ్లు ఇంట్లో గంజాయి వాడుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. 20 శాతం అని రాసి ఉన్న గంజాయి పూత (ఎండిన పువ్వు) ఏడు గ్రాములు వెన్నలో కాచి, ఆ వెన్నంతా వేసి బ్రౌనీలు చేశాను. పదహారు ముక్కలయ్యాయి. నేను తిన్న ముక్క ఏమీ చేయలేదు. నా స్నేహితుడు మాత్రం మర్నాడు మధ్యాహ్నం దాకా మనిషి కాలేదు. గంట చూసి అతను రెండో ముక్క కూడా తిన్నాడు. లోపం వెన్నలో ఉందా, అతనిలోనా?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: చట్టం సంగతి మీరే ముందు చెప్పారు, మంచిది. అది ఒప్పుకోని చోట ఉన్నవాళ్లు ఈ జవాబు తెలుసుకోవడానికి చదవండి, పొయ్యి వెలిగించడానికి కాదు.

ఆసుపత్రి ఫార్మసీలో పనిచేసినదాన్ని, ఏది చూసినా ముందు మిల్లీగ్రాములే వెతుక్కుంటాను. పచ్చి పూతలో మత్తు పెద్దగా ఉండదు. ఉండేది టీహెచ్‌సీ-ఏ అనే ఆమ్లం. వేడి తగిలితే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి మత్తునిచ్చే టీహెచ్‌సీ మిగులుతుంది. వెన్నలో వేయడానికి ముందు పూతను ఓవెన్‌లో 110–120 డిగ్రీల దగ్గర అరగంటో గంటో ఉంచేది అందుకే. టీహెచ్‌సీ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. వెన్న పని అంతవరకే.

ఇక లెక్క. 20 శాతం అంటే గ్రాముకు 200 మిల్లీగ్రాముల ఆమ్లం. కార్బన్ డయాక్సైడ్ పోగా బరువు తగ్గుతుంది కాబట్టి 0.877తో గుణించాలి: 175. ఏడు గ్రాములకు సుమారు 1,225. పదహారు ముక్కలకు పంచితే ముక్కకు 76 మిల్లీగ్రాములు. సగం పిప్పిలోనే ఉండిపోయిందనుకున్నా 38. అమెరికాలో మత్తుపదార్థాల పరిశోధన సంస్థ నీడా 2021లో ఒక కొలతగా పెట్టుకున్నది 5 మిల్లీగ్రాములు. కెనడాలో దుకాణంలో అమ్మే తినే రకం ప్యాకెట్టు మొత్తంలో 10 మించకూడదు. అలవాటు లేనివాళ్లకు రెండున్నర కూడా తక్కువేమీ కాదు. మీ స్నేహితుడు రెండు ముక్కలు తిన్నాడు! అతనిలో లోపం వెతకడం అన్యాయం.

అతన్ని దెబ్బతీసింది ఆ గంట. పొగ పీలిస్తే నిమిషాల్లో తెలుస్తుంది. తిన్నది పేగులు దాటి కాలేయానికి వెళ్లాలి. అక్కడ 11-హైడ్రాక్సీ టీహెచ్‌సీగా మారుతుంది, అది మెదడు మీద టీహెచ్‌సీకి ఏమాత్రం తీసిపోదు. మొదలవడానికే అరగంట నుంచి రెండు గంటలు, బాగా ముదరడానికి ఒక్కోసారి నాలుగు గంటలు. గంటకు ఏమీ లేదంటే ఇంకా రాలేదని అర్థం, పనిచేయలేదని కాదు. ఆ రోజు రెండో ముక్క అనే మాటే ఉండకూడదు.

మరి మీకెందుకు ఏమీ కాలేదు? వెన్న పిండిలో సమంగా కలవకపోతే ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ పడుతుంది. ఇది ఇంటి వంటలో మామూలు. కడుపు నిండా తిని ఉన్నా ఆలస్యమవుతుంది. రోజూ పీల్చే అలవాటుంటే శరీరం అంత త్వరగా లొంగదు. టీహెచ్‌సీని మార్చే సీవైపీ2సీ9 ఎంజైము కూడా అందరిలో ఒకేలా పనిచేయదు.

మళ్లీ చేస్తే పల్చగా చేయండి. అదే పూత ఒక్క గ్రాము 250 గ్రాముల వెన్నకు వేస్తే, అంతా దిగినా గ్రాము వెన్నకు 0.7 మిల్లీగ్రాములు. అయిదు గ్రాముల చెంచాకు మూడున్నర. ఆ అంకె డబ్బా మూత మీద రాయండి, తేదీ కూడా. మామూలు వెన్న పక్కన పెట్టకండి, తాళం వేయండి. బ్రౌనీని చూసి పిల్లలు ఒక్క ముక్కతో ఆగరు. పొరపాటున తింటే తూలడం, లేపినా లేవని నిద్ర, ఒక్కోసారి ఊపిరి మందగించడం. అలాంటప్పుడు ఇంట్లో కనిపెట్టుకుని కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, ఏం తిన్నారో దాచకుండా చెప్పండి. కుక్కలకూ ఇది పడదు.

ప్రశ్న: వెన్న ఆకుపచ్చగా, చేదుగా వచ్చింది. బాగా దిగినట్టేనా? కేకు కాల్చేటప్పుడు మత్తు ఆవిరైపోదా?

జవాబు: పచ్చదనం పత్రహరితానిది, టీహెచ్‌సీది కాదు. గుడ్డలో వేసి గట్టిగా పిండితే ఇంకా పచ్చగా, ఇంకా చేదుగా వస్తుంది, అంతే. కాచేటప్పుడు కాసిని నీళ్లు పోస్తే వెన్న మాడదు, చేదు కొంత నీళ్లలోకి పోతుంది. ఫ్రిజ్‌లో పెడితే వెన్న పైన గడ్డకడుతుంది, కింది నీళ్లు పారబోయండి. ఓవెన్ 175 మీద ఉన్నా కేకు లోపల 100 డిగ్రీలు దాటదు, కాబట్టి ఆవిరి భయం అక్కర్లేదు. వేపుళ్లకు మాత్రం వద్దు.

ప్రశ్న: అమ్మకు మోకాళ్ల నొప్పులు. చెబితే ఒప్పుకోదు, చెప్పకుండా కేకులో కొంచెం ఈ వెన్న వేసి పెడదామనుకుంటున్నాను. ఆవిడ రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడుతోంది.

జవాబు: పెట్టకండి. వార్ఫరిన్‌ను శరీరంలోంచి తీసేది కూడా పైన చెప్పిన సీవైపీ2సీ9 ఎంజైమే. గంజాయిలోని పదార్థాలు దాన్ని అడ్డుకుంటే రక్తంలో వార్ఫరిన్ నిల్వ పెరిగి, లోపల రక్తస్రావం కావచ్చు. ఆవిడ డాక్టరు ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష అంకె) చూసి మోతాదు మారుస్తూ ఉంటారు, కేకు సంగతి తెలియకపోతే ఆ అంకె ఎందుకు ఎగబాకిందో ఆయనకు అంతుపట్టదు. పైగా ఈ మందు మీద ఉన్న మనిషి తల తిరిగి పడిపోయిందంటే, తలకు తగిలిన చిన్న దెబ్బ కూడా పెద్దదవుతుంది.

ఇక చెప్పకుండా పెట్టడం. గంజాయి తిన్నట్టు తెలిసినవాళ్లకే గుండె దడదడలాడితే ప్రాణం పోతోందనిపిస్తుంది. తెలియని ఆవిడ పక్షవాతం వచ్చిందనుకుంటుంది. మోకాళ్ల నొప్పికి పైపూత మందులున్నాయి, ఫిజియోథెరపీ ఉంది. రెంటి గురించీ వార్ఫరిన్ రాసిన డాక్టరునే అడగండి. పైపూతల్లో కొన్ని వార్ఫరిన్‌తో పడవు, కాబట్టి ఆ పేరు కూడా ఆయన నోటి నుంచే రానివ్వండి.