సీతాఫలం పిందె నిలవాలంటే మందు కాదు, పుప్పొడి కావాలి

ప్రశ్న: రెండెకరాల్లో బాలానగర్ సీతాఫలం పెట్టాను. చెట్లకు ఐదేళ్లు. పూత విరగబూస్తది, పిందె నిలవదు. నిలిచిన కాయ కూడా ఒక పక్క సొట్టపోతున్నది. ఏ మందు కొట్టాలి సార్?
– ఒక రైతు, బాలానగర్ మండలం, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ముందు స్ప్రేయర్ పక్కన పెట్టండి. మీరు చెప్పింది రోగంలా లేదు. సీతాఫలం పువ్వులో ఆడ భాగం ముందుగా సిద్ధమవుతుంది. అదే పువ్వులో పుప్పొడి రాలే సమయానికి ఆ ఆడ భాగం తడి ఆరిపోతుంది. కాబట్టి ఇంకో పువ్వు పుప్పొడి అందాలి. దాన్ని మోసేవి తేనెటీగలు కావు, చిన్న చిన్న పెంకు పురుగులు. పూత మీద పురుగుమందు కొడితే ముందు చచ్చేవి అవే.

ఒక కాయ తెంపి చూడండి. పైన కనిపించే ఒక్కో కన్ను ఒక్కో అండాశయం నుంచి వచ్చిందే. పుప్పొడి అందిన కన్ను ఉబ్బుతుంది, అందనిది అణిగిపోతుంది. సొట్ట అక్కడే పడుతుంది. ఎండకు గాలి పొడిబారితే పిందె ఇంకా తగ్గుతుంది. తొలకరి తర్వాతి పూత బాగా నిలిచేది అందుకే.

చేత్తో పుప్పొడి అద్దండి. పొద్దున్నే, రెక్కలు పూర్తిగా విచ్చి, కేసరాలు గోధుమ రంగుకు తిరిగిన పూలు కోసి చిన్న డబ్బాలో దులపండి. రెక్కలు కొద్దిగా విడి, నడిమి బుడిపె, అంటే ఆడ భాగం, తడిగా మెరుస్తున్న పూలకు ఆ పొడిని మెత్తటి బ్రష్‌తో రాయండి. ఎండ ఎక్కకముందే ముగించాలి. కాయ బరువును మోయగల లావు కొమ్మల పూలనే ఎంచుకోండి.

ఒక తోటలో నేను ఇది చూపిస్తుంటే, గద్వాల వైపు సీడ్ పత్తిలో క్రాసింగ్ (హైబ్రిడ్ విత్తనం కోసం ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేత్తో అద్దే పని) చేసి వచ్చిన ఒకామె, "ఇది మా పనే కదా సార్" అని బ్రష్ అందుకున్నది. తొడిమ పట్టి, రెక్క నలగకుండా, బుడిపె చుట్టూ ఒక్క తిప్పు తిప్పింది. నేను ఒక పక్కే అద్దుతున్నానని అప్పుడు అర్థమైంది. సొట్ట పోవాలంటే ఆ తిప్పే ముఖ్యం. పత్తిలో ముందురోజు సాయంత్రం మొగ్గలోని మగ భాగాన్ని తీసేయాలి. ఇక్కడ ఆ పని కూడా లేదు. మీ ఊళ్లో క్రాసింగ్‌కు వెళ్లొచ్చిన వాళ్లుంటే పిలవండి, నా మాటకన్నా వాళ్ల చెయ్యి త్వరగా నేర్పుతుంది.

మొదట రెండు చెట్లకే చేయండి. అద్దిన పువ్వుకు ఎర్ర దారం కట్టి, నెల తర్వాత ఎన్ని నిలిచాయో లెక్క చూసి రాయండి.