సుంకాల వెనక ఉండే ఉద్యోగం: ఎవరికి నప్పుతుంది, ఎలా చేరాలి?

ప్రశ్న: నేను ఎంఏ ఎకనామిక్స్ మొదటి సంవత్సరం విద్యార్థినిని. దిగుమతులు, సుంకాలు, మన పరిశ్రమలు విదేశీ పోటీకి నిలబడగలవా లేదా అన్న విషయాలంటే నాకు ఆసక్తి. వీటిని విశ్లేషించే ఉద్యోగం ప్రభుత్వంలో ఉందా? ఉంటే ఎలా చేరాలి? నాన్నగారు బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు. మ్యాథ్స్‌లో నేను యావరేజ్. ఏం చేయాలో తేలక టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉద్యోగం ఉందమ్మా. కాకపోతే 'ట్రేడ్ అనలిస్ట్ కావలెను' అని ఎవరూ నోటిఫికేషన్ ఇవ్వరు. కేంద్ర వాణిజ్య శాఖలో, పరిశ్రమల వ్యవహారాలు చూసే డీపీఐఐటీలో, ఆర్థిక శాఖలో రకరకాల హోదాల్లో ఉన్నవాళ్లు ఈ పని చేస్తుంటారు. ఎలా చేరాలో తర్వాత చెబుతాను. ముందు అక్కడ చేసే పనేమిటో తెలుసుకోండి. సుంకాల గురించి పేపర్లో చదవడం ఇష్టమైన వాళ్లందరికీ ఆ సుంకం ఎంత ఉండాలో తేల్చే పని ఇష్టం కాకపోవచ్చు.

వాణిజ్య శాఖ కింద డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రేడ్ రెమెడీస్, అంటే డీజీటీఆర్ అనే కార్యాలయం ఉంది. 2018లో ఈ పేరు వచ్చింది. ఒక రసాయనం తయారు చేసే మన కంపెనీలు 'ఫలానా దేశం వాళ్లు సొంత మార్కెట్‌లో 100కి అమ్మే సరుకును మనకు 80కే పంపుతున్నారు, మేం మునిగిపోతున్నాం' అని అక్కడ దరఖాస్తు పెడతాయి. అప్పుడు మొదలవుతుంది అసలు పని. ఆ ధరల తేడా నిజమేనా? నిజమైతే మన కంపెనీలకు దానివల్లే నష్టం వచ్చిందా, లేక పాత యంత్రాలు, గిరాకీ తగ్గడం, వాళ్లలో వాళ్లకే పోటీ వంటి వేరే కారణాలున్నాయా? కొన్నేళ్ల అమ్మకాలు, లాభాలు, ఉత్పత్తి, మార్కెట్ వాటా, ఫ్యాక్టరీ సామర్థ్యంలో ఎంత వాడుతున్నారు, ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ సరుకు కొనే కంపెనీలు వచ్చి 'సుంకం వేస్తే మా ఖర్చు పెరుగుతుంది' అంటాయి. విదేశీ ఎగుమతిదారుల లాయర్లు వాళ్ల వాదన వాళ్లు వినిపిస్తారు. అందరి దగ్గరా అంకెలుంటాయి, ప్రతి అంకె కూడా ఎవరో ఒకరికి లాభం చేసేలా ఉంటుంది. ఎవరి పక్షానా నిలబడకుండా ఏది నిలుస్తుందో ఏది నిలవదో తేల్చి రాయడమే ఈ ఉద్యోగానికి ప్రాణం.

తేల్చాక కూడా కొలత ఉంటుంది. ఇలా సొంత మార్కెట్ ధర కన్నా తక్కువకు పంపడాన్ని డంపింగ్ అంటారు. డంపింగ్ వల్ల తేడా 30 శాతం అని వచ్చింది, కానీ మన పరిశ్రమ దెబ్బ తినకుండా ఉండటానికి 18 శాతం చాలు అనుకోండి. మన పద్ధతిలో రెండింటిలో తక్కువదాన్నే సిఫారసు చేస్తారు. అది సిఫారసే, ఆదేశం కాదు. సుంకం వేయాలా వద్దా అన్న నిర్ణయం ఆర్థిక శాఖది. పీటీఏ విషయమే చూడండి. పాలిస్టర్ దారానికి కావలసిన ఈ ముడిసరుకు మీద అప్పటికి కొన్నేళ్లుగా యాంటీ డంపింగ్ సుంకం, అంటే డంపింగ్‌ను అడ్డుకోవడానికి వేసే అదనపు సుంకం ఉంది. వస్త్ర పరిశ్రమకు అది అందుబాటు ధరలో దొరకాలంటూ 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఆ సుంకాన్ని ఎత్తేశారు. పీటీఏ తయారీదారుకు రక్షణ అనిపించింది బట్టల మిల్లుకు భారం. ఒక పరిశ్రమ పోటీ సామర్థ్యం పెంచబోయి ఇంకోదాన్ని తగ్గించే ప్రమాదం ఈ పనిలో ప్రతి ఫైల్లోనూ ఉంటుంది. మీరు నెలల తరబడి కష్టపడి రాసిన నోట్‌ను పైవాళ్లు పక్కన పెట్టే రోజులూ ఉంటాయి. అది మనసుకు పట్టించుకునే మనిషికి ఈ పని కష్టం.

ఇక రెండో వైపు ఎగుమతులు. వేరే దేశాలతో వాణిజ్య ఒప్పందాలు కుదుర్చుకునేటప్పుడు ఏ వస్తువు మీద సుంకం తగ్గించుకోవచ్చు, దేనిమీద తగ్గించకూడదు అని వస్తువు వస్తువుకీ లెక్క వేస్తారు. యూఏఈతో, ఆస్ట్రేలియాతో 2022లో అమల్లోకి వచ్చిన ఒప్పందాల వెనక అలాంటి పట్టికలు వేలకొద్దీ వరుసల్లో ఉన్నాయి. 1965లో ఆర్థికవేత్త బెలా బలాసా ప్రచారంలోకి తెచ్చిన ఒక సూచీ ఇక్కడ బాగా వాడతారు. మన మొత్తం ఎగుమతుల్లో ఆ వస్తువు వాటాను, ప్రపంచ ఎగుమతుల్లో దాని వాటాతో భాగిస్తారు. ఒకటి దాటితే ఆ వస్తువులో మనకు పట్టుందని అర్థం. సులువుగానే ఉంది కదా? చిక్కంతా డేటాలో ఉంటుంది. ప్రపంచమంతా వస్తువులకు ఆరంకెల హెచ్‌ఎస్ కోడ్ వాడుతుంది, మనం దాన్ని ఎనిమిదికి పొడిగించుకున్నాం. ఆ కోడ్‌లను కొన్నేళ్లకోసారి సవరిస్తారు. గడ్డకట్టించిన రొయ్యలు 2012 సవరణకు ముందు 030613 కింద ఉండేవి. తర్వాత చల్లటి సముద్రాల రకాలు 030616కి, మన వనామీ లాంటివి 030617కి వెళ్లాయి. ఇది తెలియనివాళ్లు 030617 ఒక్కటే డౌన్‌లోడ్ చేసి, 2012కి ముందు మనం రొయ్యలే ఎగుమతి చేయలేదని రాసేస్తారు. మంచి అనలిస్టుకు ఇలాంటి చోట అనుమానం రావాలి.

రొయ్యల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. అమెరికా 2005 నుంచి మన రొయ్యల మీద యాంటీ డంపింగ్ సుంకం వేస్తోంది. అక్కడ డంపింగ్ ఎంతో వాళ్ల వాణిజ్య శాఖ లెక్కిస్తుంది, అమెరికన్ పరిశ్రమకు నష్టం జరిగిందా లేదా అన్నది ఇంటర్నేషనల్ ట్రేడ్ కమిషన్ తేలుస్తుంది. ఆంధ్రా తీరంలో చెరువు వేసిన రైతుకు దక్కే రేటు మీద వాషింగ్టన్‌లో కూర్చున్న అనలిస్టు నివేదిక ప్రభావం ఉంటుంది. మన డీజీటీఆర్‌లో రాసే నోట్‌కీ ఇంకో దేశపు కార్మికుల మీద అంతే ప్రభావం. అందుకే ఈ పనికి చదువు ఒక్కటే చాలదు, నిజాయితీ కూడా కావాలంటాను.

చేరే దారుల్లో పెద్దది ఇండియన్ ఎకనామిక్ సర్వీస్. ఐఈఎస్ అనగానే ఇంజినీరింగ్ సర్వీసెస్ అనుకునేవాళ్లు ఎక్కువ, ఇది వేరు. యూపీఎస్సీ నిర్వహిస్తుంది. ఎకనామిక్స్ లేదా దాని దగ్గరి శాఖల్లో పీజీ ఉండాలి, వయసు 21 నుంచి 30 మధ్య ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. రాతపరీక్ష 1000 మార్కులకు, ఇంటర్వ్యూ 200కి. ఎకనామిక్స్ పేపర్లు నాలుగు, ఒక్కోటి 200 మార్కులు, అన్నీ వ్యాసరూపంలోనే. ఇంగ్లిష్, జనరల్ స్టడీస్ చెరో 100. మొదటి జీతం లెవెల్ 10, అంటే ఏడో పే కమిషన్ ప్రకారం 56,100 మూలవేతనం. అయితే రెండు నిజాలు దాచకుండా చెప్పాలి. పోస్టులు చాలా తక్కువ, 2024లో 18, 2025లో 12. ఎంపికైనా వాణిజ్య శాఖే ఇస్తారన్న హామీ లేదు. వ్యవసాయం, కార్మిక శాఖ, ఏదైనా రావచ్చు. బదిలీల మీద ఆ వైపు రావడానికి ఓపిక పట్టాలి.

విదేశీ వాణిజ్య విధానాన్ని అమలు చేసే డీజీఎఫ్‌టీలో పనిచేసే ఇండియన్ ట్రేడ్ సర్వీస్‌కు సివిల్స్ ద్వారా వెళ్లాలి. అది విశ్లేషణ కన్నా విధానం అమలు చేసే ఉద్యోగం. ఢిల్లీలోని ఆర్‌ఐఎస్ అనే పరిశోధన సంస్థ, విదేశీ వాణిజ్యం బోధించే ఐఐఎఫ్‌టీలోని డబ్ల్యూటీఓ అధ్యయన కేంద్రం లాంటి చోట్ల రీసెర్చ్ ఉద్యోగాలు, మంత్రిత్వ శాఖల్లో, నీతి ఆయోగ్‌లో యంగ్ ప్రొఫెషనల్ కాంట్రాక్టులు వస్తుంటాయి. పర్మినెంట్ కాదు, కానీ పని నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదని నా అభిప్రాయం.

నాన్నగారి మాట తోసిపుచ్చకండి. పన్నెండు పోస్టుల పరీక్షను ఒక్కదాన్నే నమ్ముకోమని నేనూ చెప్పను. ఆయనకు రిజర్వ్ బ్యాంక్ గ్రేడ్ బీలో డీఈపీఆర్ అనే ఎకనామిక్స్ విభాగం ఉందని చెప్పండి. దాని సిలబస్‌కూ ఐఈఎస్‌కూ చాలా భాగం ఒకటే. అధ్యాపక ఉద్యోగాలకు అర్హత పరీక్ష అయిన నెట్ కూడా ఆ చదువుతోనే రాయొచ్చు. ఇరవై ఏడేళ్ల వయసు వరకు ప్రయత్నించి, అప్పటికి ఏదీ రాకపోతే రీసెర్చ్ వైపో, పరిశ్రమల సంఘాల వైపో వెళ్లేలా ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

మ్యాథ్స్ గురించి భయం అక్కర్లేదు. ఒక అంకె మారితే ఇంకోటి ఎంత మారుతుందో లెక్కగట్టే రిగ్రెషన్ అర్థం కావాలి, ఎక్సెల్ చేతి వేళ్ల మీద ఉండాలి, డేటా విశ్లేషించే సాఫ్ట్‌వేర్‌లైన ఆర్ (R), స్టాటాల్లో ఏదో ఒకటి రావాలి. చాలామంది వదిలేసేది అకౌంట్స్. కంపెనీ బ్యాలెన్స్ షీట్ చదవడం రాకపోతే, ఆ కంపెనీ చెప్పిన నష్టం దిగుమతుల వల్లా అప్పుల వడ్డీ వల్లా అన్నది మీకు కనిపించదు. ఈ సెమిస్టర్‌లోనే కాస్ట్ అకౌంటింగ్ ప్రాథమిక పుస్తకం ఒకటి మొదలుపెట్టండి.

వేసవి సెలవుల్లో ఒక పని చేయండి. ఏదైనా ఒక్క వస్తువు తీసుకోండి, మిర్చి కావచ్చు, గ్రానైట్ కావచ్చు. వాణిజ్య శాఖ వెబ్‌సైట్‌లోని ఎగుమతి దిగుమతుల డేటా బ్యాంక్, ఐక్యరాజ్యసమితి కామ్‌ట్రేడ్ రెండూ ఉచితంగా చూడొచ్చు. పదేళ్ల అంకెలు తీసి, మన వాటా ఎందుకు పెరిగిందో తగ్గిందో నాలుగు పేజీల్లో రాయండి. ఆ సరుకు తయారు చేసేవాళ్లతో, కొనేవాళ్లతో మాట్లాడి, వాళ్ల మాటల్లో డేటాకు సరిపోనివి ఏవో గుర్తించండి. రాశాక మీ ప్రొఫెసర్‌కు చూపించి తప్పులు పట్టమనండి. ఆ నాలుగు పేజీల కోసం పెట్టిన సమయం మీకు బరువుగా అనిపించకపోతే, ఐఈఎస్ పాత ప్రశ్నపత్రాలు తెచ్చుకుని చదువు మొదలుపెట్టండి.