ఉచిత సాఫ్ట్‌వేర్‌ను సర్వర్‌లో పెట్టడం ఉద్యోగమవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. కాలేజీలో లెక్చరర్లు పాఠాలు, పరీక్షలు ఆన్‌లైన్‌లో పెట్టుకోవడానికి మూడుల్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఒక సర్వర్‌లో ఇన్‌స్టాల్ చేసింది. నాలుగు నెలలుగా అర్ధరాత్రి దాకా దాని మీదే కూర్చుంటోంది. తోటి పిల్లలంతా ప్రోగ్రామింగ్ కోర్సుల్లో చేరుతుంటే తను మాత్రం ఇదే చేస్తానంటోంది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌ను డౌన్‌లోడ్ చేసి పెట్టడం కూడా ఒక ఉద్యోగమేనా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి

జవాబు: మీ ప్రశ్నలో సగం నిజముంది. డౌన్‌లోడ్ చేసి పెట్టడమే పనైతే దానికి ఎవరూ జీతం ఇవ్వరు. కాస్త అలవాటున్నవాళ్లకు అది ఒక్క పూట పని. మరి ఒక్క పూటలో అయ్యే పనికి మీ అమ్మాయికి నాలుగు నెలలు ఎందుకు పట్టింది? లెక్చరర్లు దాన్ని నిజంగా వాడటం మొదలుపెట్టారు కాబట్టి. ఫైల్ ఎక్కడం లేదని ఒకరు, విద్యార్థుల పేర్లు కనబడటం లేదని ఒకరు, పరీక్ష మధ్యలో పేజీ ఆగిపోయిందని ఇంకొకరు వచ్చి ఉంటారు. వాళ్లందరికీ జవాబు చెప్పడంలో గడిచిన ఆ నాలుగు నెలలే అసలు ఉద్యోగం.

మూడుల్ నిన్నమొన్న పుట్టింది కాదు. ఆస్ట్రేలియాలో మార్టిన్ డౌగియామస్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ 1.0 వెర్షన్ 2002 ఆగస్టులో వచ్చింది. యూనివర్సిటీలు, స్కూళ్లు, సిబ్బందికి శిక్షణ ఇచ్చుకునే కంపెనీలు దీన్ని వాడుతున్నాయి. జీపీఎల్ లైసెన్సు కింద ఉంది కాబట్టి ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టనక్కర్లేదన్న మాట నిజమే. కానీ సొంత సర్వర్‌లో పెట్టుకున్న సంస్థకు అది ఆగిపోయిన రోజు ఫోన్ ఎత్తే మనిషి ఒకరు కావాలి. జీతం ఆ మనిషికి.

మూడుల్ లాంటి, పాఠాలు పరీక్షలు నడిపే సాఫ్ట్‌వేర్‌ను ఎల్‌ఎంఎస్ (లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్) అంటారు. ఈ పనికి ఎల్‌ఎంఎస్ అడ్మినిస్ట్రేటర్ అనీ, ఎడ్యుకేషనల్ టెక్నాలజిస్ట్ అనీ రకరకాల పేర్లతో ప్రకటనలు వస్తాయి. అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఒక సంస్థలో పదిమంది ప్రోగ్రామర్లు ఉండే చోట ఎల్‌ఎంఎస్ చూసేవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. అందుకని మూడుల్ స్క్రీన్లు మాత్రమే తెలిస్తే దారి ఇరుకవుతుంది. దాని కింద ఉన్న లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, సమాచారం దాచే డేటాబేస్, పేజీలను బ్రౌజర్‌కు పంపే వెబ్ సర్వర్ బాగా వస్తే సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ ఉద్యోగాలు కూడా తెరుచుకుంటాయి. నా సలహా అంతా ఈ రెండో దారి గురించే.

ఈ రాత్రి భోజనాల దగ్గర మీ అమ్మాయిని ఒక ప్రశ్న అడగండి. "ఆ సర్వర్ ఇప్పుడు పూర్తిగా పోయిందనుకో, ఎంతసేపట్లో మళ్లీ నిలబెడతావు?" జవాబు వెంటనే వస్తే మీ టెన్షన్ సగం తగ్గించుకోవచ్చు. తడబడితే ఇక్కడి నుంచి ఈ ఉత్తరం తనకే ఇవ్వండి.

అమ్మా, ఇది నీకు. నాకు తెలిసిన ఒక సంస్థలో సర్వర్ డిస్కు చెడిపోయింది. అక్కడ పనిచేసే అబ్బాయి జాగ్రత్తపరుడే. ప్రతి రాత్రీ డేటాబేస్ బ్యాకప్ తీసేవాడు. కొత్త సర్వర్‌లో దాన్ని రిస్టోర్ చేస్తే కోర్సులు, పేర్లు, మార్కులు అన్నీ వచ్చాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మర్నాడు ఒక టీచర్ విద్యార్థులు పంపిన అసైన్‌మెంట్లు తెరవబోతే ఒక్కటీ తెరుచుకోలేదు. పాఠాల పీడీఎఫ్‌లూ అంతే. మూడుల్‌లో ఎక్కించిన ఫైళ్లు డేటాబేస్‌లో ఉండవు. మూడుల్‌డేటా అనే ఫోల్డర్‌లో ఉంటాయి. అక్కడ కూడా అసలు పేర్లతో ఉండవు, ఫైల్‌లో ఉన్నదాన్ని బట్టి లెక్కగట్టిన పొడవాటి హాష్ పేర్లతో ఉంటాయి. ఏ హాష్ ఏ ఫైలో డేటాబేస్‌కే తెలుసు. రెండింటిలో ఏది పోయినా మిగిలినదానితో పని జరగదు. ఆ అబ్బాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి బ్యాకప్ అంటే మూడూ కలిసి ఉండాలి: కోడ్, డేటాబేస్, మూడుల్‌డేటా. కోడ్‌తో పాటు కాన్ఫిగ్ ఫైల్ (సైట్ ముఖ్యమైన సెట్టింగ్స్ ఉండే ఫైల్), నువ్వు పెట్టిన ప్లగిన్లు (అదనంగా చేర్చిన భాగాలు), థీమ్ మర్చిపోకు. బ్యాకప్ ఉన్న చోటు వేరే మెషీన్ కావాలి. ఆ బ్యాకప్ పనిచేస్తుందో లేదో తెలియాలంటే ఒక ఖాళీ సర్వర్‌లో రిస్టోర్ చేసి చూడటం తప్ప మార్గం లేదు. గడియారం పెట్టుకుని చెయ్యి. మొదటిసారి ఒక రోజంతా పట్టినా సిగ్గుపడకు. మూడోసారికి ఎంత తగ్గిందో నువ్వే చూస్తావు. ఇన్‌స్టాల్ చేశానని చెప్పేవాళ్లు ఇంటర్వ్యూకు చాలామంది వస్తారు. రిస్టోర్ చేశాను, ఇంత సమయం పట్టింది, ఇక్కడ తప్పు చేశాను అని చెప్పగలిగేవాళ్లు తక్కువ. నేనైతే రెండోవాళ్లను తీసుకోమంటాను.

ఈ రిస్టోర్ ప్రయోగంలో ఒక ప్రమాదముంది. కాపీ సైట్‌లో కూడా నిజమైన విద్యార్థుల మెయిల్ అడ్రస్‌లే ఉంటాయి. అక్కడ క్రాన్ (వెనకాల పనులను సమయానికి నడిపే ఏర్పాటు) నడిచిందంటే వాళ్లకు మెయిళ్లు వెళ్లిపోతాయి. కాపీని ఆన్ చేయకముందే కాన్ఫిగ్ ఫైల్‌లో 'నో ఈమెయిల్ ఎవర్' అనే సెట్టింగ్ పెట్టు. కాపీ చిరునామా కూడా ఆ ఫైల్‌లోనే 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ రూట్' దగ్గర మార్చాలి, లేకపోతే కాపీలో లింకు నొక్కిన ప్రతిసారీ అసలు సైట్‌కే పోతావు.

క్రాన్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, దాన్ని ప్రతి నిమిషం నడపాలి. ఇన్‌స్టాల్ చేసినప్పుడు అది లేకపోయినా సైట్ బాగానే కనిపిస్తుంది, అందుకే చాలామంది వదిలేస్తారు. వారం తర్వాత "ఫోరమ్‌లో రాశాను, ఎవరికీ మెయిల్ రాలేదు" అని ఫిర్యాదు వస్తుంది. అప్పుడు ముందుగా చూడాల్సింది క్రాన్‌నే, మెయిల్ సెట్టింగ్స్ ఆ తర్వాత.

ఫైల్ ఎక్కకపోతే 'రాయడానికి అనుమతి లేదు' అన్న ఎర్రర్ వచ్చి ఉంటుంది. అప్పుడు 777 పర్మిషన్ ఇచ్చేశావా? ఇచ్చి ఉంటే ఇప్పుడే వెనక్కి తీసుకో. సర్వర్‌లో ఉన్న ఎవరైనా ఆ ఫోల్డర్‌లో రాసుకోవచ్చని దానర్థం. మూడుల్‌డేటా వెబ్ సర్వర్ యూజర్ పేరు మీద ఉంటే చాలు. ఆ ఫోల్డర్ బ్రౌజర్‌కు దొరికే చోట ఉండనే కూడదు.

పర్మిషన్ సరిగ్గా ఉన్నా ఎక్కకపోవడానికి ఇంకో కారణముంది, సైజు. ఒక లెక్చరర్ 40 ఎంబీ ఫైల్ పెట్టాలంటారు. మూడుల్ సెట్టింగ్స్‌లో పరిమితి పెంచబోతే అంత పెద్ద అంకె అక్కడ కనబడదు. ఎందుకంటే మూడుల్ రాసిన ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీలో మామూలుగా ఒక ఫైల్‌కు 2 ఎంబీ, ఒకసారి పంపే మొత్తానికి 8 ఎంబీ మాత్రమే పరిమితి ఉంటుంది. అవి పెంచినా, ముందు ఎన్జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఉంటే మామూలుగా దాని పరిమితి 1 ఎంబీ. అంటే వెబ్ సర్వర్, పీహెచ్‌పీ, మూడుల్ సైట్, కోర్సు, ఇన్ని గేట్లు. అన్నిటికంటే ఇరుకైన గేటు ఎంతో ఫైల్ అంతే. ఈ వరస అర్థమైతే వేరే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఇలాంటి చిక్కు వస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

తెలుగులో కోర్సులు పెడుతుంటే డేటాబేస్ కేరెక్టర్ సెట్ (అక్షరాలను దాచుకునే పద్ధతి) చూసుకో. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో పాత 'యూటీఎఫ్8' ఒక అక్షరానికి 3 బైట్ల దాకానే ఇస్తుంది. తెలుగు అక్షరాలకు సరిగ్గా 3 బైట్లే కావాలి కాబట్టి అంతా బాగానే ఉందనిపిస్తుంది. ఎవరో జవాబు చివర ఒక నవ్వు ముఖం బొమ్మ పెడతారు. దానికి 4 బైట్లు కావాలి, అప్పుడు సేవ్ కాదు. 'యూటీఎఫ్8ఎంబీ4' మొదటి రోజే పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

ఇప్పుడు పరీక్ష రోజు సంగతి. మామూలు రోజుల్లో విద్యార్థులు వేర్వేరు సమయాల్లో వస్తారు. పది గంటలకు క్విజ్ అంటే 300 మంది ఒకే నిమిషంలో స్టార్ట్ నొక్కుతారు. పైగా వాళ్లు రాస్తున్నది మూడుల్ మధ్యమధ్యలో తనంతట తానే సేవ్ చేస్తుంటుంది. ఒక్కొక్కరి పేజీని తయారుచేసి ఇచ్చే పీహెచ్‌పీ ప్రాసెస్‌లు తక్కువ పెడితే జనం క్యూలో నిలబడ్డట్టు ఆగిపోతారు. భయపడి ఎక్కువ పెడితే మెమరీ అయిపోయి, లైనక్స్ ఏదో ఒక ప్రోగ్రామ్‌ను చంపేస్తుంది. తరచూ ఆ వేటు డేటాబేస్ మీద పడుతుంది, అంతటితో పరీక్ష ఆగినట్టే. ఊహించి పెట్టకు, లెక్క వెయ్యి. 8 జీబీ సర్వర్‌లో డేటాబేస్‌కూ లైనక్స్‌కూ 3 జీబీ పోగా 5 జీబీ మిగిలిందనుకో. ఒక్కో ప్రాసెస్ 100 ఎంబీ తింటుంటే 50 వరకు పెట్టగలవు. ఆ 3, ఆ 100 ఎంత అన్నది నీ సర్వర్‌లోనే కొలవాలి. అసలు పరీక్షకు వారం ముందు నీ స్నేహితులను కూర్చోబెట్టి ఒక ఉత్తుత్తి క్విజ్ పెట్టి, ఆ సమయంలో లాగ్ (సర్వర్ రాసుకునే చిట్టా) చూస్తూ ఉండు. ఇందులో నాకు ముఖ్యమైనది ఆ పిల్లల సంగతి. పేజీ ఆగిపోయిన రెండు నిమిషాలు సర్వర్ వైపు కూర్చున్నవాళ్లకు చిన్నవే, పరీక్ష రాస్తున్న పిల్లకు చాలా పెద్దవి.

సర్వర్ బయట కూడా పని ఉంది. "నాకు ఈ బటన్ రావడం లేదు" అని ఒక లెక్చరర్ అంటే వెంటనే అడ్మిన్ హక్కులు ఇచ్చేయాలనిపిస్తుంది. ఇవ్వకు. వారికి ఏ కోర్సులో ఏ పని కావాలో అడిగి, అక్కడికి సరిపోయే రోల్ మాత్రమే ఇవ్వు. రెండు ప్రశ్నలు ఓపికగా అడిగితే బయటపడే విషయానికి సెట్టింగ్స్ అన్నీ తిరగేయనక్కర్లేదు. కంప్యూటర్ అంటే బెరుకున్న సీనియర్ లెక్చరర్ నిన్ను నమ్మి రెండోసారి అడగడానికి వస్తే, అది నీ బయోడేటాలో రాసుకోదగ్గ విషయమే.

మిగతావి క్లుప్తంగా. వెర్షన్ ఎంచుకునేటప్పుడు ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సరిదిద్దే అప్‌డేట్లు వచ్చే వెర్షన్) చూసుకో, 2024 అక్టోబరులో వచ్చిన 4.5 అలాంటిది. అప్‌గ్రేడ్ ఎప్పుడూ ముందు కాపీ మీదే. ఓపెన్ ఎడ్‌ఎక్స్, కాన్వాస్ అనే ఎల్‌ఎంఎస్‌లు కూడా ఉన్నాయి, కానీ ఇప్పుడే వాటి వెంట పడకు. ఓపెన్ ఎడ్‌ఎక్స్ పైథాన్‌లో, కాన్వాస్ రూబీలో రాసినవి. ఒకటి లోతుగా వస్తే రెండోది తొందరగా పట్టుబడుతుంది.

నాన్నగారి మాటలో న్యాయం లేకపోలేదమ్మా. ప్రోగ్రామింగ్ అక్కర్లేదని నువ్వు అనుకుంటుంటే అది పొరపాటు. డేటాబేస్ నుంచి సమాచారం అడిగే భాష ఎస్‌క్యూఎల్ బాగా నేర్చుకో. 'ఈ వారం ఒక్కసారీ లాగిన్ కానివాళ్ల జాబితా కావాలి' అని ప్రిన్సిపల్ అడిగితే పది నిమిషాల్లో ఇవ్వగలగాలి. మూడుల్ రాసింది పీహెచ్‌పీలో కాబట్టి ఒక ప్లగిన్ కోడ్ తెరిచి అదేం చేస్తోందో చదివేంత పీహెచ్‌పీ కావాలి. చిన్న స్క్రిప్టులు రాసుకోవడానికి లైనక్స్ కమాండ్లు రాసే బాష్ కావాలి. ఆరు నెలల్లో ఇవి అందుకోవచ్చు, నీ చేతిలో ఇప్పటికే ప్రాక్టీసు చేసుకోవడానికి ఒక నిజమైన సైట్ ఉంది కాబట్టి.

చేసిన ప్రతిదీ రాసిపెట్టు. ఇన్‌స్టాల్ ఎలా చేశావు, ఏ సెట్టింగ్ ఎందుకు మార్చావు, రిస్టోర్ మెట్లు, పరీక్ష రోజు చూసుకోవాల్సినవి. నువ్వు లేని రోజు ఇంకొకరు అది చూసి సైట్ నడపగలగాలి. ఇంటర్వ్యూలో చూపించాల్సిందీ ఆ కాగితాలే. విద్యార్థుల పేర్లు, మార్కులు, పాస్‌వర్డ్‌లు మాత్రం వాటిలో ఒక్కటీ ఉండకూడదు.

మళ్లీ మీకు, తండ్రిగారూ. తనకు ఏదైనా కొనివ్వాలనుకుంటే కోర్సు ఫీజు కంటే ముందు ఇంటర్నెట్‌లో దొరికే ఒక చిన్న వర్చువల్ సర్వర్‌ను కొన్ని నెలలు అద్దెకు తీసివ్వండి. కాలేజీ సైట్ మీద చేయకూడని ప్రయోగాలు అక్కడ చేసుకుంటుంది. పాడు చేసినా కోప్పడకండి, దాన్ని తీసిందే అందుకు. మొదటి రిస్టోర్‌కు ఎన్ని గంటలు పట్టిందో తననే రాయమనండి. అది చూశాక ఏ ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టాలో ముగ్గురం కలిసి మాట్లాడుకుందాం.