ఆషాఢంలో లడాఖ్, పుష్యంలో కాలువ గట్టు

ప్రశ్న: మాది మైదుకూరు దగ్గర పల్లె. కేసీ (కర్నూలు–కడప) కాలువ కింద నాలుగెకరాల సేద్యం. మా అబ్బాయికి 24 ఏళ్లు. బీకాం అయినాక ప్రొద్దుటూరులో ఒక స్టూడియో తరఫున పెళ్లిళ్లు తీస్తున్నాడు. తీరిక దొరికితే గండికోట పోయి కొండలు, లోయ తీసేవాడు. ఆర్నెల్లుగా పెళ్లిళ్లకు తప్ప కెమెరా బయటికి తీయడం లేదు. అడిగితే, ‘ఈడ తీసేదానికి ఏం మిగల్లేదు నాయనా, లడాఖ్ పోవాల’ అంటాడు. లక్షన్నర ఇమ్మంటున్నాడు. పంపాలా, బ్యాంకు కోచింగ్‌లో చేర్చాలా?
– ఒక తండ్రి, కడప జిల్లా

జవాబు: పంపండి. అయితే ఇప్పుడే వద్దు, డబ్బంతా మీరే పెట్టుకోనూ వద్దు.

ముందు ఒక పని చేయించండి. ఇన్నాళ్లూ గండికోటలో తీసినవాటిలో నచ్చిన ఓ యాభై ఫొటోలు పోస్టుకార్డు సైజులో ప్రింటు వేయించి, ఇంట్లో నేలమీద పరచమనండి. నా అంచనా చెబుతాను. వాటిలో చాలావరకు ఒకే బండమీద నిలబడి, సూర్యోదయానికి, వైడ్ లెన్స్‌తో, మధ్యలో పెన్నానది వచ్చేట్టు తీసినవే అయుంటాయి. ఆ ఫొటో అతను అక్కడికి పోకముందే ఫోన్‌లో వందసార్లు చూసుంటాడు. పోయి దాన్నే తెచ్చుకున్నాడు. ఇదే అలవాటుతో లడాఖ్ పోతే పాంగాంగ్ సరస్సు దగ్గర అందరూ నిలబడే చోటే నిలబడతాడు. రెండు నెలలకు మళ్లీ అదే మాట అంటాడు, ఈసారి మీ లక్షన్నర ఖర్చయ్యాక.

అలాగని లడాఖ్ తప్పు ఎంపికని నేననను. నిజానికి సీమ పిల్లవాడికి అంతకంటే దగ్గరి చుట్టం లాంటి నేల ఇంకోటి లేదేమో. పడమటి కనుమలు వాన మేఘాలను అడ్డుకోవడంతో, వాటి వానచాటున ఉండి అనంతపురం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొస్తుంది. హిమాలయాల వానచాటున ఉన్న లేహ్‌లో 100 మిల్లీమీటర్లు పడితే గొప్ప. అక్కడ మంచు కరిగిన నీళ్లను చిన్న చిన్న కాలువల్లో బార్లీ చేలకు మళ్లిస్తారు. ఎవరి చేనుకు ఎప్పుడు నీళ్లు వదలాలో చూసే మనిషిని చుర్పోన్ అంటారు. మన చెరువుల కింద నీరుగంటి చేసే పనే అది. ఈ సంగతి తెలిసి పోయినవాడి కళ్లు సరస్సు రంగు దగ్గర ఆగవు. బూడిదరంగు కొండ కింద పచ్చటి చేను సరిగ్గా ఏ గీత దగ్గర మొదలైందో వెతుకుతాయి.

మరి ఆ చూపు ఎక్కడ అలవడుతుంది? మీ చేని గట్టుమీదే. మీవాడు కేసీ కాలువను ఒక్కసారైనా ఫొటో తీశాడా? తీసుండడని పందెం. 1860లలో తవ్విన ఆ కాలువలో ఒకప్పుడు పడవలు కూడా నడిచాయి. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా వస్తుంది. పైన నిండుగా పారే నీళ్లు చివరి ఆయకట్టుకు ఎలా చేరతాయో, ఎన్నేళ్లు చేరలేదో మీకు నేను చెప్పాలా! దాని వెంబడే అతన్ని పదిరోజులు తిరగమనండి. లాకులు, తూములు, గట్టుమీద ఆరేసిన బట్టలు, నల్లరేగడి పోయి ఎర్రనేల వచ్చే చోటు. జూమ్ లేని 50 ఎంఎం లెన్స్ ఒక్కటి చాలు. దూరం కావాలంటే వెనక్కి, దగ్గర కావాలంటే ముందుకు తనే నడవాలి.

దారిలో పోరుమామిళ్ల చెరువు చూడకుండా రావద్దనండి. మీకు దగ్గరే. అక్కడి 1369 నాటి శాసనంలో చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు చెప్పి ఉన్నాయి. కొండల నడుమ నది ఎక్కడుండాలో, నేల ఎంత గట్టిగా ఉండాలో, రాతిగని ఎంత దగ్గరుండాలో రాసిపెట్టారు. అది చదివి కట్ట ఎక్కితే ట్రైపాడ్ ఎక్కడ నిలపాలో ఇంకెవరినీ అడగక్కర్లేదు. వేసవిలో శ్రీశైలం నీళ్లు వెనక్కి తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడే రోజులు మరో ప్రయాణం.

ఇక ఎప్పుడు పోవాలి? పెళ్లి ఫొటోగ్రాఫర్‌కు పంచాంగమే సెలవుల పట్టిక. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు. సరిగ్గా అప్పుడే లడాఖ్ దారులు తెరిచి ఉంటాయి, బార్లీ పచ్చగా ఉంటుంది. పుష్యం శూన్యమాసం. మన దగ్గర పొద్దున పొగమంచు, ఎండలో నడవగలిగే కాలం. ఇంత చక్కగా కుదిరే ఉద్యోగం బ్యాంకులో దొరకదు లెండి.

డబ్బు సంగతి దాచను. ఒట్టి కొండల ఫొటోలతో ఇల్లు గడవదు. కొండలూ లోయల ఫొటోలతో పేరుపడ్డ అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1916లో, పద్నాలుగేళ్లప్పుడు, మొదటిసారి కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయకు వెళ్లాడు. జీవితమంతా అక్కడికే మళ్లీ మళ్లీ పోయాడు. అంత పేరున్నవాడూ దశాబ్దాలపాటు కంపెనీల పనులు చేసుకునే బతికాడు. మీవాడు స్టూడియో మానకూడదు. పెళ్లి అడ్వాన్సుల్లోంచి నెలకింత పక్కనపెట్టి సగం తను కూడబెడితే, మిగతా సగం మీరివ్వండి. కాలువ మీద ఇరవై మంచి ఫొటోలు ఒక వరసలో కుదిరితే రిసార్టులకు, క్యాలెండర్లు వేసేవాళ్లకు, సోలార్ కంపెనీలకు చూపించుకోవచ్చు. పై చదువు మీద మనసైతే గాంధీనగర్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో ఫొటోగ్రఫీ డిజైన్ పీజీ ఉంది, అర్హతలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి. బ్యాంకు కోచింగ్ అతనే అడిగితే చేర్చండి, మీరు భయపడి చేర్చకండి.

వచ్చే పుష్యంలో ముందు సుంకేసులకు పంపండి. మీ బండి ఇస్తే మేలు. కాలువ గట్టుమీద బస్సులు తిరగవు.