పెద్దగా పేరు రాని పాత కన్సోల్ గేముల్లో ఇప్పుడు ఆడదగ్గవి ఏవి?

మారియో, సోనిక్ అయిపోయాయి, ఇంకేం ఆడాలి అంటే నేను ముందు చెప్పే పేరు 'గిమ్మిక్!'. సన్‌సాఫ్ట్ దీన్ని 1992లో జపాన్‌లో ఫామికామ్ (నింటెండో పాత గేమ్ కన్సోల్) కోసం విడుదల చేసింది. అప్పటికే దాని తర్వాతి కన్సోల్ సూపర్ ఫామికామ్ వచ్చి ఏడాది దాటింది, అందరి దృష్టీ దాని మీదే ఉంది. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ చాలా కష్టం. హీరో ప్రధాన ఆయుధం ఒక నక్షత్రం. విసిరితే గోడలకు తగిలి ఎగురుతుంది, వాలు మీద దొర్లుతుంది. సరైన క్షణంలో దూకితే దాని మీదెక్కి, మామూలుగా అందని చోట్లకు వెళ్లొచ్చు. ఆ నక్షత్రం ఎటు పోతుందో ముందే ఊహించడం అలవాటైతే ఆట రుచే మారిపోతుంది. జపాన్ కార్ట్రిడ్జ్‌లో (కన్సోల్‌లో పెట్టే గేమ్ డబ్బాలో) అదనపు సౌండ్ చిప్ ఉండేది; ఆ సంగీతం కోసమైనా ఒకసారి ఆడాలి.

కథ కావాలనుకుంటే 'టెర్రానిగ్మా' (1995, సూపర్ ఫామికామ్). ఇందులో ముందు ఖండాలు, తర్వాత మొక్కలు, పక్షులు, జంతువులు, చివరికి మనుషులు, ఇలా మొత్తం ప్రపంచానికి ఆటగాడే మళ్లీ ప్రాణం పోస్తాడు. యూరప్‌లో 1996లో ఇంగ్లిష్‌లో వచ్చింది. ఉత్తర అమెరికాలో మాత్రం అసలు విడుదలే కాలేదు, అందుకే దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ.

సెగా కన్సోల్ మెగా డ్రైవ్ అభిమానులైతే 'రిస్టార్' (1995) చూడండి. చేతులు సాగదీసి శత్రువుల్ని పట్టుకోవడమే ఇందులో దాడి. మూడింటిలో ముందుగా మొదలుపెట్టడానికి ఇదే తేలిక, 'గిమ్మిక్!'కు మాత్రం బోలెడు ఓపిక కావాలి.